కోల్డ్ స్టోరేజీలో అలారం ఎందుకు మోగలేదు?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది గుంటూరు. ఇక్కడ ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి ఉష్ణోగ్రత, తేమ చూసే ప్రోగ్రామ్ సీ ప్లస్ ప్లస్‌లో నేనే రాశాను. ప్రతి ఛాంబర్‌లో సెన్సర్లు ఉంటాయి. సెకనుకోసారి రీడింగ్ వస్తుంది. వాటి నుంచి రోజు సగటు, స్టాండర్డ్ డీవియేషన్, మంచు బిందువు (గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) లెక్కకట్టి, గది వేడెక్కితే అలారం మోగించాలి. రీడింగులు, మొత్తాలు అన్నీ ఫ్లోట్‌లోనే (దశాంశ సంఖ్యలు దాచే చిన్న రకం) పెట్టాను. ప్రోగ్రామ్ నడిచేది ఒక చిన్న 64 బిట్ ఆర్మ్ బోర్డు మీద, కంపైలర్ (కోడ్‌ను మెషీన్ నడిపే రూపంలోకి మార్చేది) జీసీసీ. దానికి ఓ2 అనే ఆప్షన్ ఇచ్చేవాణ్ణి. ఛాంబర్లు పెరిగేకొద్దీ నెమ్మదించింది. ఒక ఫ్రెండ్ "ఓ2 తీసేసి ఓఫాస్ట్ పెట్టు, ఓ3 కన్నా పై మెట్టు అది" అన్నాడు. పెట్టాను. టైమ్ సగానికి పైగా తగ్గింది. కానీ రెండు సమస్యలు వచ్చాయి. అవే రీడింగులకు నా ల్యాప్‌టాప్ ఒక సగటు చెప్తోంది, బోర్డు ఇంకో సగటు చెప్తోంది. రెండోది, మొన్న ఓనర్ గారి ముందు టెస్ట్ కోసం ఒక సెన్సర్ వైరు పీకితే అలారం మోగలేదు. పాత వెర్షన్‌లో మోగేది. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు. కంపైలర్‌లో బగ్ ఉందా? ఏ సగటు నమ్మాలి? పవర్, లాగ్ లాంటి ఫంక్షన్లను కంపైలర్ తనంతట తానే మార్చేస్తుందని అంటున్నారు, నిజమేనా? ఓనర్ గారు రోజూ అడుగుతున్నారు, చాలా టెన్షన్‌గా ఉంది.
ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మిగతాది చదివే ముందు ఒక పని చేయండి. ఓఫాస్ట్ తీసేసి, పాత ఓ2తోనే మళ్లీ కంపైల్ చేసి, ఈ రాత్రికే బోర్డులో పెట్టండి. నెమ్మదిగా నడిస్తే నడవనివ్వండి. ఆ ఛాంబర్లలో ఉన్న మిర్చి టిక్కీలు (బస్తాలు) రైతు ఏడాది కష్టం. చాలాసార్లు వాటి మీద అప్పు కూడా ఉంటుంది. మే నెల గుంటూరు ఎండలో కంప్రెసర్ ఆగిపోయి, అలారం మోగకపోతే, మన ప్రోగ్రామ్ ఎంత వేగంగా లెక్క కట్టిందో ఎవరికీ అక్కర్లేదు. వైరు పీకి చూడాలని మీకు తోచింది, అదే మిమ్మల్ని కాపాడింది. చాలామంది ఆ పని చేయరు.

కంపైలర్‌లో బగ్ లేదు. ఓఫాస్ట్ పెట్టినప్పుడు మీరు దానికి కొన్ని మాటలు ఇచ్చారు. మీకు తెలియకుండా ఇచ్చారు. అది వాటిని నమ్మి పని చేసింది.

మీ ఫ్రెండ్ చెప్పిన "పై మెట్టు" అన్న మాట దగ్గరే పొరపాటు ఉంది. ఓ1, ఓ2, ఓ3 అంటే కోడ్‌ను మెరుగుపరచడానికి కంపైలర్ ఎంత శ్రమపడాలి అన్నదే. ఓఫాస్ట్ ఆ మెట్ల వరుసలోది కాదు. అది ఓ3తో పాటు ఫాస్ట్ మాత్ అనే ఒక మూటను కలిపి ఇస్తుంది. ఆ మూటలో ఏముందో విప్పి చూస్తే ఇవన్నీ కనిపిస్తాయి: నా లెక్కల్లో నాన్ (అంకె కాని విలువ) ఎప్పుడూ రాదు, ఇన్ఫినిటీ ఎప్పుడూ రాదు. ప్లస్ సున్నాకీ మైనస్ సున్నాకీ తేడా నాకు అనవసరం. కూడికలు ఏ వరుసలో చేసినా నాకు అభ్యంతరం లేదు. భాగించే చోట విలోమంతో గుణించుకో. గణిత ఫంక్షన్లలో తప్పు జరిగితే ఎర్‌నో అనే చోట రాసే గుర్తును నేను చూడను. ఇన్ని మాటలు ఒక్క ఫ్లాగ్‌లో, అంటే కంపైలర్‌కు ఇచ్చే ఒక్క ఆప్షన్‌లో, ఇచ్చేస్తాం. పేరు చూస్తే మాత్రం వేగం పెంచేది అన్నట్టే ఉంటుంది. ఈ పేరు ఎంతమందిని తప్పుదారి పట్టించిందో గానీ, క్లాంగ్ కంపైలర్ వాళ్లు 19వ వెర్షన్ నుంచి ఓఫాస్ట్ వాడొద్దని హెచ్చరిక ఇస్తున్నారు. అది సరైన నిర్ణయమని నా అభిప్రాయం.

ఇప్పుడు అలారం సంగతి. వైరు ఊడినప్పుడు మీ సెన్సర్ లైబ్రరీ నాన్ ఇస్తోందని అనుకుంటున్నాను. పాత వెర్షన్‌లో మోగిందంటే అలాగే అయ్యుండాలి. నాన్ అంటే "ఇది అంకె కాదు" అని చెప్పే ఒక ప్రత్యేక విలువ. 1985లో వచ్చిన ఐట్రిపుల్ఈ 754 ప్రమాణం దానికి ఒక విచిత్రమైన గుణం పెట్టింది: నాన్ దేనితోనూ సమానం కాదు, చివరికి తనతో తానూ సమానం కాదు. అది దేనికన్నా పెద్దది కాదు, దేనికన్నా చిన్నది కాదు. ఏ పోలిక అడిగినా "కాదు" అనే చెప్తుంది, "సమానం కాదా" అన్న ఒక్క ప్రశ్నకు తప్ప. ఆ ప్రమాణం వెనుక ముఖ్యంగా పని చేసిన విలియం కహాన్‌కు 1989లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఆయన ఆలోచనలో నాన్ అంటే లెక్క ఎక్కడో తెగిపోయిందని మనకు అందే కబురు. మీ ప్రోగ్రామ్‌లో అదే వైరు ఊడిందన్న కబురు.

మీరు "ఈజ్ నాన్" ఫంక్షన్‌తో చూసి ఉంటే ఏం జరిగిందో చెప్పడం తేలిక. నాన్ ఎప్పుడూ రాదని మీరే మాట ఇచ్చారు. కాబట్టి "ఇది నానా?" అన్న ప్రశ్నకు జవాబు ఎప్పుడూ "కాదు" అని కంపైలర్ ముందే తేల్చేసి, ఆ చెక్‌ను, దాని కింద ఉన్న అలారం కోడ్‌ను మొత్తంగా తీసేసింది. సోర్స్ ఫైల్‌లో అది కనిపిస్తూనే ఉంటుంది. బోర్డులో నడిచే ప్రోగ్రామ్‌లో ఉండదు.

మీరు అలా కాకుండా పోలికతో రాసి ఉంటే సంగతి ఇంకా సూక్ష్మం. "ఉష్ణోగ్రత 8 కన్నా తక్కువ కాకపోతే మోగించు" అన్నది ఒక వాక్యం. "ఉష్ణోగ్రత 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే మోగించు" అన్నది ఇంకో వాక్యం. బడిలో లెక్కల మాస్టారిని అడిగితే రెండూ ఒకటే అంటారు. నాన్ వచ్చినప్పుడు మాత్రం అవి ఒకటి కాదు. నాన్ 8 కన్నా తక్కువా అంటే కాదు. కాబట్టి మొదటి వాక్యం అలారం మోగిస్తుంది. నాన్ 8 గానీ ఎక్కువ గానీ అవుతుందా అంటే అదీ కాదు. కాబట్టి రెండో వాక్యం మౌనంగా ఉంటుంది. నాన్ రాదన్న మాట చేతిలో ఉంటే మొదటి వాక్యాన్ని రెండోదిగా మార్చుకునే హక్కు కంపైలర్‌కు వస్తుంది. మీ దగ్గర ఇదే జరిగి ఉండొచ్చు.

దీంట్లోనే ఇంకో ప్రమాదం ఉంది, దానికి ఏ ఫ్లాగూ అక్కర్లేదు. మీరు మొదటి నుంచీ రెండో వాక్యమే రాసి ఉంటే, ఓ2తో కూడా వైరు ఊడినప్పుడు అలారం మోగదు. మిగతా ఛాంబర్ల కోడ్‌లో ఎక్కడైనా అలా రాశారేమో ఇవాళే వెతకండి.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్తున్నది కాదు. కొన్నేళ్ల కిందట విజయవాడ ఆటోనగర్‌లో ఒక చిన్న వర్క్‌షాపుకు, గుండ్రటి ప్లేటు మీద రంధ్రాల స్థానాలు లెక్కకట్టే ప్రోగ్రామ్ రాసిచ్చాను. రెండు దిశల మధ్య కోణం కోసం ఆర్క్ కాస్ వాడాను. ఆర్క్ కాస్‌కు ఇచ్చే విలువ 1 దాటకూడదు. రౌండింగ్ వల్ల ఒక్కోసారి 1.0000000000000002 వచ్చేది, దానికి జవాబు నాన్. నాన్ వస్తే కోణం సున్నా అనుకోమని ఒక చెక్ పెట్టాను. తర్వాత ఎక్కడి నుంచో తెచ్చిన ఒక బిల్డ్ ఫైల్‌లో ఫాస్ట్ మాత్ ఉంది, నేను చూసుకోలేదు. నా చెక్ మాయమైంది. డ్రిల్ వెళ్లాల్సిన చోటికి వెళ్లలేదు, రెండు ప్లేట్లు పాడయ్యాయి. ఆ ఓనర్ గారు నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మౌనం ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి నాన్ వచ్చాక పట్టుకోవడం మీద ఆధారపడటం మానేశాను. విలువను ముందే మైనస్ 1కీ 1కీ మధ్య బిగించి, తర్వాతే ఆర్క్ కాస్‌కు ఇస్తాను. ఏ ఫ్లాగ్ పెట్టినా ఆ పద్ధతి నిలబడుతుంది.

మీ విషయంలో కూడా అదే దారి. సెన్సర్ జవాబు ఇవ్వలేదన్న సంగతి అది ఫ్లోట్‌గా మారకముందే, ముడి బైట్ల దగ్గరే పట్టుకోండి. సెన్సర్ పంపిన చెక్‌సమ్ (డేటా చెడకుండా వచ్చిందో చూసే అంకె) సరిపోయిందా, టైమ్‌లోపల జవాబు వచ్చిందా అన్నది ఒక మామూలు నిజం/అబద్ధం విలువగా రీడింగ్ పక్కనే ఉంచండి. అలారం ఆ విలువను చూసి మోగాలి. పూర్ణాంకాల మీద, నిజం/అబద్ధాల మీద ఫాస్ట్ మాత్‌కు ఏ అధికారమూ లేదు.

ఇక రెండు సగటుల సంగతి. దీన్ని వేబ్రిడ్జి ఉదాహరణతో చెప్తాను, మీకు రోజూ కనిపించేదే కాబట్టి. నిండు లారీ వేబ్రిడ్జి ఎక్కి ఉన్నప్పుడు, దాని మీద ఒక గుప్పెడు మిరపకాయలు వేయండి. అంకె కదలదు. అదే గుప్పెడు చిన్న కాటా మీద వేస్తే గ్రాములతో సహా చూపిస్తుంది. ఫ్లోట్ కూడా అంతే. దానిలో విలువకు 24 బిట్లే ఉంటాయి, అంటే దాదాపు 7 అంకెలు. మొత్తం పెద్దదయ్యేకొద్దీ అది గుర్తించగలిగే కనిష్ఠ అడుగు కూడా పెద్దదవుతుంది.

మీ లెక్కలోనే చూడండి. రోజుకు 86,400 సెకన్లు. రీడింగ్ రోజంతా 5.1 డిగ్రీలే అనుకుంటే సాయంత్రానికి మొత్తం 4 లక్షలు దాటుతుంది. ఆ స్థాయిలో ఫ్లోట్ అడుగు 0.03125. అంటే మీరు 5.1 కలపమంటే అది 5.09375 మాత్రమే కలుపుతుంది. మిగతాది ప్రతి సెకనూ రాలిపోతుంది. ఇది ఓ2తో, వరుసగా ఒకే మొత్తంలోకి కలుపుతూ పోతే జరిగేది.

ఓఫాస్ట్‌తో ఏం జరుగుతుంది? కూడికల వరుస నీ ఇష్టం అన్నారు కాబట్టి, కంపైలర్ నాలుగు చిన్న కాటాలు పెట్టుకుంటుంది. ఆర్మ్ ప్రాసెసర్ ఒకే ఆదేశంతో నాలుగు ఫ్లోట్‌లను కూడగలదు. మొదటి రీడింగ్ మొదటి కాటాకు, రెండోది రెండో కాటాకు, ఐదోది మళ్లీ మొదటి కాటాకు. చివర్లో నాలుగు మొత్తాలను కలుపుతుంది. మీకు వచ్చిన వేగంలో ఎక్కువ భాగం ఇక్కడి నుంచే వచ్చి ఉంటుందని నా అంచనా. ఒక్కో కాటా మీద లక్షా పదివేల దాకానే చేరుతుంది, అక్కడ ఫ్లోట్ అడుగు 0.0078. కాబట్టి ఈ లెక్కలో రాలిపోయేది తక్కువ! వరుస మార్చిన సగటే అసలు విలువకు దగ్గరగా ఉండే అవకాశం ఎక్కువ. ఫాస్ట్ మాత్ అంటే కచ్చితత్వం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. కూడికల విషయంలో అది నిజం కానక్కర్లేదు. జవాబు మారుతుంది, అంతే. మంచికి మారిందా చెడుకు మారిందా అన్నది మీ డేటాను బట్టి ఉంటుంది.

కాబట్టి "ఏ సగటు నమ్మాలి" అంటే, రెండూ వద్దు. మొత్తం పెట్టుకునే వేరియబుల్‌ను డబుల్ రకానికి (ఫ్లోట్‌కు రెట్టింపు చోటు తీసుకునేది) మార్చండి. డబుల్‌లో 53 బిట్లు ఉంటాయి. 9,00,71,99,25,47,40,992 దాకా ప్రతి పూర్ణాంకాన్నీ అది తేడా లేకుండా పట్టుకుంటుంది. మీ 4 లక్షల మొత్తం దానికి లెక్కలోకే రాదు. మీ బోర్డులో డబుల్ లెక్కలకు హార్డ్‌వేర్ ఉంది, కాబట్టి దీనికి పెద్ద ఖర్చు ఉండదు. ఈ ఒక్క మార్పుతో రెండు మెషీన్ల సగటులూ మీరు చూపించే దశాంశాల దాకా కలిసిపోతాయి.

ఓనర్ గారికి ఇంకో మాట కూడా ధైర్యంగా చెప్పండి. ఫ్లోట్ వల్ల మీ సగటులో వచ్చే తేడా డిగ్రీలో వెయ్యో వంతుల్లో ఉంటుంది. బజార్లో మామూలుగా దొరికే డీఎస్18బీ20 లాంటి సెన్సర్ కచ్చితత్వమే అటూ ఇటూ అర డిగ్రీ. ఆయన ఆందోళన పడాల్సింది మోగని అలారం గురించి. ఈ అంకెల గురించి కాదు.

ల్యాప్‌టాప్‌కూ బోర్డుకూ తేడా రావడానికి ఇంకో కారణం ఉంది. ఇది ఓ2లోనూ వస్తుంది, అందుకే చాలామందిని తికమక పెడుతుంది. ఒక గుణకారం, దాని వెంట ఒక కూడిక ఉంటే, రెండింటినీ కలిపి ఒకే ఆదేశంగా చేసే సదుపాయం 64 బిట్ ఆర్మ్‌లో మొదటి నుంచీ ఉంది. దాన్ని ఎఫ్ఎంఏ అంటారు. విడిగా చేస్తే రెండుసార్లు రౌండ్ అవుతుంది, కలిపి చేస్తే ఒకేసారి. జీసీసీ మామూలుగానే ఇలా కలిపేస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో మాత్రం, ప్రత్యేకంగా అడగకపోతే, పాత ఇంటెల్ ప్రాసెసర్లలో కూడా నడిచేలా కోడ్ తయారవుతుంది. వాటిలో ఎఫ్ఎంఏ లేదు. కాబట్టి ఒకే సోర్స్‌కు రెండు చోట్ల చివరి అంకెలు వేరుగా వస్తాయి. టెస్ట్ చేసేటప్పుడు పోల్చి చూడాలంటే ఎఫ్‌పీ కాంట్రాక్ట్ అనే ఫ్లాగ్‌ను రెండు చోట్లా ఆఫ్ అని పెట్టండి.

స్టాండర్డ్ డీవియేషన్ కూడా ఎలా కట్టారో చూసుకోండి. "వర్గాల సగటులోంచి సగటు వర్గాన్ని తీసేసి వర్గమూలం" అన్న బడి సూత్రం వాడి ఉంటే జాగ్రత్త. కోల్డ్ స్టోరేజీలో ఉష్ణోగ్రత దాదాపు కదలదు. అంటే దాదాపు సమానమైన రెండు అంకెలను తీసివేస్తున్నారు. రౌండింగ్ వల్ల ఫలితం సున్నాకు కాస్త కిందికి జారవచ్చు, రుణ సంఖ్యకు వర్గమూలం నాన్. బాగా పనిచేసే గదిలోనే ఈ లెక్క చెడిపోతుంది! 1962లో వెల్‌ఫోర్డ్ చూపించిన పద్ధతి వాడండి. రీడింగ్ వచ్చినప్పుడల్లా సగటును సవరిస్తూ, పాత సగటు నుంచి ఉన్న దూరాన్ని కొత్త సగటు నుంచి ఉన్న దూరంతో గుణించి కూడబెడుతూ పోవడం. నాలుగు వరుసల కోడ్.

ఇప్పుడు ఫంక్షన్ల గురించి. అవును, కంపైలర్ వాటిని మారుస్తుంది. కొన్నిటిని ఎప్పుడూ మారుస్తుంది, కొన్నిటిని మీరు మాట ఇస్తేనే మారుస్తుంది. ఆ గీత ఎక్కడుందో చూస్తే ఈ విషయం మొత్తం అర్థమవుతుంది.

పవర్ ఫంక్షన్‌కు ఘాతం 2 ఇచ్చారనుకోండి. దాన్ని తీసేసి, విలువను దానితోనే గుణించడం ఓ2లోనే జరిగిపోతుంది. ఏ మాటా అక్కర్లేదు, ఎందుకంటే ఒక్క గుణకారం ఇచ్చే జవాబు లైబ్రరీ ఇచ్చేదానికి ఏమాత్రం తీసిపోదు. ఘాతం 10 అయితే అలా కాదు. వర్గం, దాని వర్గం, మళ్లీ దాని వర్గం కట్టి, చివర్లో మొదటి వర్గంతో గుణిస్తే నాలుగు గుణకారాల్లో పని అయిపోతుంది. కానీ నాలుగుసార్లు రౌండ్ అవుతుంది, లైబ్రరీ జవాబుతో చివరి అంకె తేడా రావచ్చు. అందుకే దానికి మీ అనుమతి కావాలి. ఘాతం 0.5 ఇంకా ఆసక్తికరం. అది వర్గమూలమే కదా అనిపిస్తుంది. మైనస్ ఇన్ఫినిటీ ఇస్తే పవర్ ఫంక్షన్ ప్లస్ ఇన్ఫినిటీ చెప్తుంది, వర్గమూలం నాన్ చెప్తుంది. మైనస్ సున్నా ఇస్తే ఒకటి ప్లస్ సున్నా, ఇంకొకటి మైనస్ సున్నా. ఆ విలువలు మనకు ఎప్పుడొస్తాయి అనుకుంటాం. కంపైలర్ మాత్రం అలా అనుకోకూడదు, అందుకే మీరు చెప్పేదాకా ఆగుతుంది.

భాగహారం కూడా ఇలాంటిదే. 2తో భాగించడం బదులు 0.5తో గుణించడం ఎప్పుడూ సురక్షితం, 0.5 బైనరీలో కచ్చితంగా పడుతుంది. 10తో భాగించడం బదులు 0.1తో గుణించడం అలా కాదు. డబుల్‌లో 3ను 10తో భాగిస్తే 0.3 వస్తుంది. 3ను 0.1తో గుణిస్తే 0.30000000000000004 వస్తుంది. చాలా సెన్సర్లు 5.1 డిగ్రీలను 51 అని పంపుతాయి, మనం 10తో భాగించుకుంటాం. మీ కోడ్‌లో ఎక్కడైనా ఆ ఫలితాన్ని "సమానమా" అని పోల్చారేమో చూడండి.

లాగ్, ఎక్స్‌పొనెన్షియల్ ఒకదానికొకటి విలోమాలు. 800కు ఎక్స్‌పొనెన్షియల్ కట్టి దానికి లాగ్ తీసుకోమంటే, నియమం ప్రకారం జవాబు ఇన్ఫినిటీ, ఎందుకంటే మధ్యలో విలువ డబుల్ పరిమితి దాటిపోతుంది. ఫాస్ట్ మాత్‌తో రెండూ కొట్టివేసుకుని 800 మిగులుతుంది. ఇక్కడ కంపైలర్ ఇచ్చినదే గణితపరంగా సరైన జవాబు. అయినా అది మీరు రాసిన ప్రోగ్రామ్ చెప్పాల్సిన జవాబు కాదు.

వర్గమూలం విషయంలో మాత్రం మీరు నిశ్చింతగా వేగం తీసుకోవచ్చు. రుణ సంఖ్యకు వర్గమూలం అడిగితే లైబ్రరీ ఎర్‌నోలో తప్పు గుర్తు రాస్తుంది. ఆ గుర్తు కోసం, ప్రాసెసర్‌లో వర్గమూలానికి ఒకే ఆదేశం ఉన్నా సరే, కంపైలర్ పక్కన ఒక చెక్‌నూ లైబ్రరీ కాల్‌నూ ఉంచాల్సి వస్తుంది. ఆ లూప్‌ను నాలుగు నాలుగుగా నడపడమూ కుదరదు. మీలో ఎంతమంది ఎర్‌నో చూస్తారు? నేను ఇన్నేళ్లలో గణితం కోసం ఒక్కసారీ చూడలేదు. నో మాత్ ఎర్‌నో అనే ఫ్లాగ్ విడిగా దొరుకుతుంది. అది జవాబుల్లో ఒక్క బిట్ కూడా మార్చదు. మూట మొత్తంలో నేను అందరికీ చెప్పే మొదటి ఫ్లాగ్ ఇదే.

మంచు బిందువు దగ్గర కాసేపు ఆగుదాం. మీరు వాడేది మాగ్నస్ సూత్రమే అయ్యుంటుంది, 17.62, 243.12 అనే స్థిరాంకాలతో. అందులో తేమ శాతాన్ని 100తో భాగించి లాగ్ తీసుకుంటాం. తేమ సెన్సర్ చెడిపోయి సున్నా ఇస్తే లాగ్ మైనస్ ఇన్ఫినిటీ అవుతుంది. చివరి భాగహారంలో ఇన్ఫినిటీని ఇన్ఫినిటీతో భాగించి నాన్ వస్తుంది. అంటే ప్రమాణం ప్రకారం నడిస్తే ఆ సూత్రమే "సెన్సర్ చెడింది" అని మీకు చెప్తుంది. మిర్చికి తేమ ఎంత ముఖ్యమో మీకు నేను చెప్పక్కర్లేదు. నాన్, ఇన్ఫినిటీ రావన్న మాట మీరు ఇవ్వలేరు. అవి మీ లెక్కలో తప్పులు కావు, మీ డేటాలో భాగం.

ఇక ఏం పెట్టాలో చెప్తాను. ఓ2 గానీ ఓ3 గానీ, దానికి తోడు నో మాత్ ఎర్‌నో, నో ట్రాపింగ్ మాత్ (లెక్కలో తప్పు జరిగినప్పుడు ప్రోగ్రామ్‌ను ఆపే ఏర్పాటు వాడనన్న మాట). పేర్ల ముందు హైఫన్, ఎఫ్ అక్షరం ఉంటాయి. అప్పటికీ వేగం చాలకపోతే, కూడికలు చేసే ఒక్క ఫంక్షన్‌ను విడి ఫైల్‌లో పెట్టి, ఆ ఫైల్‌కు మాత్రమే అసోసియేటివ్ మాత్ (కూడికల వరుస మార్చుకోవచ్చన్న మాట) ఇవ్వండి. జీసీసీలో అది పని చేయాలంటే నో సైన్డ్ జీరోస్, నో ట్రాపింగ్ మాత్ రెండూ తోడుండాలి, లేకపోతే ఆ ఫ్లాగ్‌ను పట్టించుకోదు. నాన్, ఇన్ఫినిటీ రావని మాట ఇచ్చే ఫైనైట్ మాత్ ఓన్లీ అనేదాన్ని మాత్రం ఎక్కడా పెట్టకండి. అలారం ఉన్న ఫైల్ పైభాగంలో, ఆ ఫ్లాగ్ పెట్టారో లేదో చెప్పే మాక్రో (కంపైలర్ ముందే ఇచ్చే ఒక పేరు) విలువ 1 అయితే కంపైల్ అక్కడే ఆగిపోయేలా ఒక ప్రీప్రాసెసర్ చెక్ రాయండి. రేపు ఇంకెవరో వచ్చి ఓఫాస్ట్ పెట్టినా ప్రోగ్రామ్ తయారే కాదు.

కూడికల్లో తప్పును సరిచేసే కహాన్ పద్ధతి ఒకటుంది, 1965 నాటిది. ఎప్పుడైనా వాడాలనిపిస్తే దాన్ని అసోసియేటివ్ మాత్ ఉన్న ఫైల్‌లో పెట్టకండి. అందులో కొత్త మొత్తంలోంచి పాత మొత్తం తీసేసి, మిగిలినదాంట్లోంచి ఇప్పుడు కలిపిన రీడింగ్ తీసేస్తారు. వచ్చేది రౌండింగ్‌లో రాలిపోయిన ముక్క. బడి లెక్క ప్రకారం అది ఎప్పుడూ సున్నా. కంపైలర్‌కు బడి లెక్కలు చేసే అనుమతి ఇస్తే అదీ సున్నా అనే అంటుంది, ఆ సవరణ మొత్తం చెరిపేస్తుంది.

బయటి లైబ్రరీలు వాడుతుంటే ఇంకోటి. 13వ వెర్షన్‌కు ముందు జీసీసీతో ఫాస్ట్ మాత్ పెట్టి తయారుచేసిన షేర్డ్ లైబ్రరీ లోడ్ అయితే, సున్నాకు అతి దగ్గరి విలువలను సున్నా చేసేసే సెట్టింగ్ మీ ప్రోగ్రామ్‌కూ అంటుకునేది. 2023లో దాన్ని సరిచేశారు. ఉష్ణోగ్రతలకు దీనితో ఇబ్బంది లేదు.

వేగం గురించి నా అసలు సలహా ఫ్లాగుల్లో లేదు. మందపాటి ఇన్సులేషన్ ఉన్న ఛాంబర్‌లో మంచు బిందువు సెకనులో మారదు. నిమిషానికోసారి కట్టండి, లాగ్ కాల్స్ అరవయ్యో వంతుకు పడిపోతాయి. పెర్ఫ్ అనే టూల్ పెట్టి టైమ్ ఎక్కడ పోతుందో కొలవండి. లెక్కల్లో కాకుండా, రీడింగులను ఫైల్‌లోకి అక్షరాలుగా రాయడంలో పోతున్నా నేను ఆశ్చర్యపోను.

ఇవన్నీ అయ్యాక ఓనర్ గారిని మళ్లీ పిలవండి. ఒక్కో ఛాంబర్‌లో ఒక్కో సెన్సర్ వైరు ఆయన చేతనే పీకించండి. ఉష్ణోగ్రతది ఒకసారి, తేమది ఒకసారి. బోర్డులో కొత్త బిల్డ్ పెట్టిన ప్రతిసారీ ఇదే చేయండి, ల్యాప్‌టాప్‌లో మోగింది కదా అని వదిలేయకండి.